పాత నాణేలకు కొత్త నాణేలు

అల్లావుద్దీన్ కథ మీరంతా చదివే ఉంటారు. మాయలమారి మాంత్రికుడు బుట్టనిండా తళతళలాడే దీపాలు పెట్టుకుని, "పాత దీపాలకు కొత్త దీపాలిస్తాను!" అని కేకలు వేస్తూ వీధివెంట పోతాడు. చూసినవాళ్లు, "వీడెవడో వెర్రివాడు!" అని నవ్వుతారు. చివరకు వెర్రివాళ్లయినది ఎవరో మీకు తెలుసు.

వెనక హంగరీ దేశంలో రాజులు కూడా ఇట్లాగే కేక వేయించేవారు. ఈస్టరు పండగ వచ్చేసరికి రాజుగారి మనుషులు సంతలో బల్లలు వేసుకుని కూర్చుని, పాత వెండినాణేలు పుచ్చుకుని కొత్తవి ఇచ్చేవారు. అయితే ఇందులో మాంత్రికుడి తెలివి కూడా అక్కర్లేదు. వాళ్లు పుచ్చుకునే పాత నాణేలు ఎక్కువ, ఇచ్చే కొత్త నాణేలు తక్కువ. అంతే!

హంగరీ యూరపు ఖండం మధ్యలో ఉన్నది. డాన్యూబు నది దాని గుండా పారుతుంది. ఇప్పుడది చిన్న దేశమేగాని, ఆ రోజుల్లో చాలా పెద్ద రాజ్యం. ఇప్పటి స్లొవాకియా, క్రొయేషియా, రుమేనియాలోని ట్రాన్సిల్వేనియా, అన్నీ ఆ రాజుల కిందనే ఉండేవి. కొండల్లో వెండిగనులూ, బంగారుగనులూ ఉండేవి. ఇన్ని గనులున్న రాజ్యంలో నాణేలకు అంత గొడవ ఎందుకు వచ్చిందో చెబుతాను.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా బడిలో లెక్కలూ, చరిత్రా రెండూ చెప్పాను. రెండూ ఒకే మనిషి చెబితే ఒక సౌకర్యం ఉంది. లెక్కల గంటలోకి రాజు రావచ్చు, చరిత్ర గంటలోకి త్రైరాశికం రావచ్చు. రాజుల పేర్లూ, యుద్ధాల సంవత్సరాలూ వల్లించేటప్పుడు ఆవలించే పిల్లలు, ఆ రాజు ఎవరి జేబులోంచి ఎంత తీశాడో లెక్క వేయమంటే మహా ఉత్సాహంగా వేస్తారు. హంగరీ నాణేల కథ నాకు అందుకే ఇష్టం.

ఆ దేశంలో మొట్టమొదట నాణేలు కొట్టించినవాడు స్టీఫెన్ రాజు. ఆయనను వాళ్లు ఇష్త్‌వాన్ అంటారు. 1000 సంవత్సరం వెళ్లి 1001 వచ్చే రోజుల్లో ఆయనకు పట్టాభిషేకం జరిగింది. ఆయన నాణేల మీద ఒక సిలువగుర్తూ, చుట్టూ లాటిను భాషలో "స్టీఫెన్ రాజు" అన్న మాటలూ, రెండోవైపున "రాజనగరం" అన్న మాటలూ ఉంటాయి. బొమ్మ మోటుగానే ఉంటుంది, కాని వెండి మటుకు మేలైనది. అందుచేత ఆ నాణేలు హంగరీ దాటి ఎంతో దూరం పోయాయి. ఉత్తరాన బాల్టిక్ సముద్రపు ఒడ్డున భూమిలో పాతిపెట్టిన నిధుల్లో కూడా అవి దొరికాయి. వాటిని చూసి నకిలీలు కూడా కొట్టారు. చెల్లని నాణేనికి ఎవరైనా నకిలీ కొడతారా?

ఈ నాణేన్ని దేనారు అనేవారు. వెనకటి రోమనుల వెండినాణెం పేరు దేనారియస్. దాని నుంచే ఈ పేరు వచ్చింది. మన సంస్కృత కథల్లో వచ్చే "దీనారం" కూడా అక్కడినుంచి వచ్చిన మాటే. రోమను వర్తకులు మన కృష్ణాతీరం దాకా వచ్చారు. వారి నాణేలు మన నేలలో కూడా దొరికాయి. ఒకే మాటకు పుట్టిన ఇద్దరు పిల్లలు, ఒకరు డాన్యూబు ఒడ్డునా, ఒకరు మన దేశంలోనూ పెరిగారన్నమాట.

స్టీఫెన్ తరవాత వందేళ్లకు దేనారు చిక్కిపోవడం మొదలుపెట్టింది. పన్నెండవ శతాబ్దంలో కొన్ని దేనార్లు చొక్కాగుండీ కన్న పెద్దవి కావు. వాటి మీద రాజు పేరు కూడా లేదు, ఉత్త చుక్కలూ, గీతలూ, సిలువలూ. వాటిలో ఏది ఏ రాజుదో ఇప్పటికీ పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. అంతేకాక, వాటిని తరుచుగా మార్చేవారు. ఈ ఏడు చుక్కలుంటే పై ఏడు గీతలుండేవి. గీతలు వచ్చినాక చుక్కలు చెల్లవు! ఇట్లా మార్చినప్పుడల్లా రాజుకు మిగిలేదానికి లాటినులో ఒక గౌరవమైన పేరు పెట్టారు. మన మాటల్లో చెప్పాలంటే "ఖజానా లాభం".

ఈ సంగతి పుస్తకంలో చదివిన కొత్తలో ఏడో తరగతి పిల్లలచేత ఒక ఆట ఆడించాను. తరగతిలో ముప్ఫైమంది ఉన్నారు. ఒక్కొక్కరికి 27 చింతపిక్కలు ఇచ్చి, "ఇవే మీ డబ్బు. పెన్సిలు ముక్కలూ, రేగుపళ్లూ, బలపాలూ ఏవైనా మీలో మీరు కొనుక్కోండి, అమ్ముకోండి. సోమవారం, బుధవారం, శుక్రవారం ఈస్టరు పండగలు. ఆ రోజుల్లో నా దగ్గర డబ్బు మార్చుకోవాలి. మూడు పాతవాటికి రెండు కొత్తవి," అన్నాను. మూడుకు రెండు అన్న లెక్క నేను ఆటకోసం పెట్టినది.

సోమవారంనాడు నేను అందరి పిక్కలూ పుచ్చుకుని, సున్నపుబొట్టు పెట్టినవి ఇచ్చాను. 27 కాస్తా 18 అయినాయి. పిల్లలు నవ్వారు. బుధవారం పసుపుబొట్టు పిక్కలు. 18 కాస్తా 12 అయినాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. శుక్రవారం వచ్చేసరికి తరగతి స్వరూపమే మారిపోయింది.

గంట కొట్టకముందే కొందరు కంగారుగా పిక్కలు ఖర్చు చేస్తున్నారు. అందువల్ల రెండు పిక్కల రేగుపళ్లు ఐదు పిక్కలకు పెరిగాయి. ఒక అమ్మాయి, "నాకు డబ్బు వద్దు. రిబ్బను ఇస్తాను, జామకాయ ఇయ్యి," అని సరుకుకు సరుకు మార్చుకుంటున్నది. ఇంకొకడు పక్క తరగతి పిల్లల దగ్గర గవ్వలు తెచ్చాడు. "ఇవయితే మేష్టారు మార్చమనరు," అని వాడు చెప్పగానే అందరూ గవ్వలు తీసుకోసాగారు. ఒక గడుగ్గాయి తన పిక్కలు తీసుకుపోయి మామిడిచెట్టు మొదట్లో పాతిపెట్టాడు.

"ఒరే, శుక్రవారం దాటితే అవి చెల్లవు గదరా?" అన్నాను.

"చెల్లకపోతే వేయించుకు తింటాను, మేష్టారూ! పిక్క పిక్కేగదా!" అన్నాడు వాడు.

నేను నిర్ఘాంతపోయాను. ఎందుకంటే, హంగరీ ప్రజలు సరిగా ఈ పనులే చేశారు. వాళ్లలో చాలామంది డబ్బు ముట్టుకోక సరుకుకు సరుకు మార్చుకున్నారు. నాణేలను కరిగిస్తే వచ్చేది వెండే గనక, కొందరు దాచిపెట్టుకున్నారు. పొరుగున ఆల్ప్సు పర్వతాలలో ఫ్రీసాఖ్ అనే పట్నం ఉన్నది. అక్కడి వెండినాణేలు బాగుంటాయని వాటినే వాడుకున్నారు. పదమూడవ శతాబ్దం మొదట్లో హంగరీలో ఈ ఫ్రీసాఖ్ నాణేలు కుప్పలు తెప్పలుగా ఉండేవి. రాజు ముఖం మీద చెప్పలేని మాటను ప్రజలు ఇట్లా చెప్పారన్నమాట.

శుక్రవారం సాయంత్రం ఒక్కొక్కరి లెక్కకు మిగిలినవి 8 పిక్కలు. తక్కిన 19 నా సంచిలోకి వచ్చాయి. ముప్ఫైమందికి 570. నేను ఒక్క రేగుపండు పండించలేదు, ఒక్క బలపం అమ్మలేదు, పిక్కలకు బొట్లు మాత్రం పెట్టాను!

అయితే రాజులందరూ దొంగలని అనుకోకండి. అప్పట్లో ఇప్పటిమాదిరి పన్నులు లేవు. సైనికులను పోషించడానికీ, కోటలు కట్టడానికీ రాజుకు డబ్బు కావాలి. మూడవ బేలా అనే రాజు ఆదాయం లెక్కలు రాసిన కాగితం ఒకటి పారిస్‌లో ఉన్నది. అందులో నాణేల వల్ల వచ్చే రాబడి 60,000 మార్కులని రాశారు. ఉప్పు మీద వచ్చేది 16,000 మాత్రమే. మార్కు అంటే నాణెం కాదు, వెండి తూచే బరువు. బుడానగరం మార్కు మన లెక్కలో సుమారు 245 గ్రాములు. ఈ అంకెలు కొంచెం పెంచి రాసినవని కొందరు పండితులంటారు. పెంచితే పెంచవచ్చుగాని, నాణేలే పెద్ద ఆదాయం అన్నమాట మాత్రం నిజం.

ఈ మూడవ బేలా (1172–1196) చిన్నతనంలో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి కొలువులో పెరిగాడు. అక్కడి నాణేల పద్ధతిలో ఆయన రాగినాణేలు కూడా కొట్టించాడు. వాటి మీద ఇద్దరు రాజులు పక్కపక్కన సింహాసనాల మీద కూర్చుని ఉంటారు. ఆయనవే అనుకునే మరికొన్ని రాగినాణేల మీద అరబ్బీ అక్షరాల్లాంటివి ఉన్నాయి. అవి అరబ్బీ వచ్చినవాడు కూడా చదవలేడు! చెక్కినవాడికి ఆ భాష రాదు, అక్షరాల అందం మాత్రం నచ్చింది.

మీ అమ్మానాన్నలకు 2016 నవంబరు జ్ఞాపకం ఉంటుంది. అప్పుడు మన దేశంలో 500, 1000 రూపాయల నోట్లు రద్దయినాయి. మా బడిలో వంట చేసే ముసలమ్మ పోపులడబ్బా అడుగునుంచి మడతలు మడతలుగా నోట్లు తీసుకువచ్చి నా బల్లమీద పెట్టి, "ఇవి చెల్లవా, బాబూ?" అన్నది. మనుమరాలి పెళ్లికని ఆరేళ్లుగా దాచిన డబ్బు. బ్యాంకులో ఆమెకు ఒక్క రూపాయి తగ్గకుండా కొత్తనోట్లు వచ్చాయి. అయినా, నా బల్ల ముందు నిలబడ్డప్పుడు ఆమె చేతులు వణకడం నేను మరిచిపోలేదు. ఒక్క రూపాయి తగ్గకుండా వచ్చే చోటే ఇట్లా ఉంటే, ఏటేటా తగ్గించి ఇచ్చే చోట హంగరీ ముసలమ్మల గతి ఏమిటి?

బేలా కొడుకు రెండవ ఆండ్రూ చేతికి ఎముక లేనివాడు. భూములన్నీ ప్రభువులకు ధారపోశాడు. 1217లో సైన్యంతో జెరూసలేం యాత్రకు పోయి ఖర్చులపాలై వచ్చాడు. నాణేల పని కాంట్రాక్టుదార్లకు అప్పగించాడు. వాళ్లు వెండి తగ్గించి రాగి పెంచారు. చివరకు ప్రజలూ, చిన్న ప్రభువులూ ఎదురుతిరిగి 1222లో రాజుచేత ఒక శాసనం రాయించారు. దానికి బంగారు ముద్ర వేశారు గనక దాన్ని "గోల్డెన్ బుల్" అంటారు. బుల్ అంటే ఇక్కడ ఎద్దు కాదు, ముద్ర! పెద్ద పెద్ద హక్కుల మధ్య అందులో నాణేల సంగతి కూడా ఉన్నది. కొత్త నాణెం ఒక ఈస్టరు నుంచి మరొక ఈస్టరు దాకా పూర్తిగా ఒక ఏడాది చెల్లాలి, నాణేలు బేలా రాజు నాటివాటిలాగా ఉండాలి, అని. ఒక ఏడాదైనా చెల్లాలని రాజుచేత ప్రమాణం చేయించవలసి వచ్చిందంటే, అంతకుముందు ఎట్లా ఉండేదో మీరే ఊహించుకోండి.

ఆ తరవాత 1241లో మంగోలులు వచ్చిపడ్డారు. ఏప్రిల్ 11న మొహి అనేచోట హంగరీ సైన్యం సర్వనాశనమైపోయింది. ప్రజలు ఉన్న డబ్బును కుండల్లో పెట్టి పాతిపెట్టి పారిపోయారు. తిరిగి వచ్చి తవ్వుకున్నవాళ్లు కొందరే. మిగిలినవాళ్ల కుండలు వందల ఏళ్ల తరవాత బయటపడ్డాయి. వాటిలో ఎక్కువగా ఉన్నవి ఫ్రీసాఖ్ నాణేలు. మామిడిచెట్టు కింద చింతపిక్కలు దాచిన మా కుర్రవాడు ఈ భాగం విన్నప్పుడు మాత్రం ఏమీ మాట్లాడలేదు.

ఈ వ్యవహారం మార్చినవాడు చార్లెస్ రాబర్ట్ రాజు. ఈయన ఇటలీ నుంచి పిల్లవాడుగా వచ్చి, పెద్దపెద్ద ప్రభువులతో పోట్లాడి రాజ్యం చేజిక్కించుకున్నాడు. 1323 నుంచీ ఏటేటా మారని నిలకడైన నాణెం తేవాలని ప్రయత్నించాడు. 1325లో ఫ్లారెన్సు నగరపు నాణేన్ని చూసి బంగారు ఫ్లోరిన్లు కొట్టించాడు. హంగరీవాళ్లు ఇవాళ కూడా తమ డబ్బును "ఫోరింట్" అంటారు. ఆ పేరు ఈ ఫ్లోరిన్‌దే. 1328లో క్రెమ్నీత్సా అనే గనుల ఊరికి పట్టణపు హక్కులిచ్చి, బొహీమియాలోని కుత్నా హోరా నుంచి గనిపనివాళ్లనూ, నాణేలు కొట్టేవాళ్లనూ రప్పించాడు. ఆ టంకశాల ఇప్పటికీ పని చేస్తూనే ఉన్నది! ఇప్పుడది స్లొవాకియాలో ఉంది. ఆ దేశపు యూరో నాణేలు అక్కడే తయారవుతాయి. 1329లో అక్కడినుంచే గ్రోషెన్ అనే పెద్ద వెండినాణేలు కూడా వచ్చాయి. ప్రాగ్ గ్రోషెన్‌ను చూసి వాటిని చేశారు.

గ్రోషెన్లంటే జ్ఞాపకం వచ్చింది. 1335లో చార్లెస్ రాబర్ట్ తన విషెగ్రాద్ కోటలో బొహీమియా రాజునూ, పోలెండు రాజునూ పిలిచి రాజీ చేశాడు. పోలెండు సింహాసనం తనదేనని బొహీమియా రాజు వాదిస్తున్నాడు. ఆ వాదం వదులుకోవడానికి ఆయనకు పోలెండు రాజు ఇచ్చేది 20,000 "కోపా"ల ప్రాగ్ గ్రోషెన్లు అని తేల్చారు. ఒక కోపా అంటే 60. ఎన్ని నాణేలయినాయో మీరే గుణించుకోండి.

అంతా బాగానే ఉంది, కాని నాణేలు మార్చడం మానేస్తే ఖజానా నిండేది ఎట్లా? దీనికి చార్లెస్ రాబర్ట్ గడపపన్ను లాంటిది ఒకటి పెట్టాడు. గడ్డి బండి పట్టే వాకిలి ఉన్న ప్రతి రైతు ఇంటికీ ఇంత అని, 18 దేనార్లు. ఈ మాట చెప్పగానే మా తరగతిలో ఒక అమ్మాయి లేచి, "నాలుగిళ్లవాళ్లు కలిసి ఒకే వాకిలి పెట్టుకుంటే, మేష్టారూ?" అని అడిగింది. ఆ తెలివి హంగరీ రైతులకు కూడా లేకపోలేదు. ఒకే వాకిలి వెనక రెండు మూడు సంసారాలు కాపరమున్నాయి. అందుకే 1467లో మత్యాష్ రాజు వాకిళ్లు లెక్కపెట్టడం మాన్పించి, పొగ వచ్చే పొయ్యిలు లెక్కపెట్టించాడు. పన్ను పేరు కూడా మార్చాడు. ఎందుకంటే, "ఖజానా లాభం" కట్టనక్కర్లేదని చాలామందికి పాత రాజులు కాగితాలు రాసి ఇచ్చారు. పేరే మారితే ఆ కాగితాలు దేనికి పనికివస్తాయి? దీనికి ట్రాన్సిల్వేనియాలో తిరుగుబాటు కూడా జరిగింది.

చార్లెస్ రాబర్ట్ కొడుకు లూయీ నాణేల మీద ఒక ముస్లిం మనిషి తల ఉంటుంది. హంగరీలో ఆ తల ఎందుకంటారా? నాణేల అధికారి ఇంటిపేరు సరసెనుస్, అంటే సరసెన్. ఆ కాలంలో యూరపులో ముస్లిములను సరసెన్లనేవారు. ఆయన తన ఇంటిపేరును బొమ్మగా వేయించుకున్నాడన్నమాట! రాజు నాణెం మీద ఉద్యోగి ఇంటిపేరు ఎక్కడం నాకు భలే తమాషాగా ఉంటుంది.

ఇక చెప్పక తప్పని సంగతి ఒకటి ఉన్నది. సిగిస్మండ్ రాజు (1387–1437) తురుష్కులతోనూ, బొహీమియా హుస్సైటులతోనూ యుద్ధాలు చేసి డబ్బుకు కటకటలాడాడు. ఆయన "క్వార్టింగ్" అనే చిన్ననాణెం తెచ్చాడు. అది పేరుకు దేనారులో నాలుగోవంతు. పోనుపోను అందులో వెండి హరించుకుపోయి, రాగే మిగిలింది. ధనికులు మంచి నాణేలు పెట్టెల్లో పెట్టి తాళాలు వేసుకున్నారు. పేదల చేతుల్లో క్వార్టింగులే ఉన్నాయి.

ట్రాన్సిల్వేనియాలో లేపెష్ అనే బిషప్పు ఉన్నాడు. రైతులు పంటలో పదోవంతు చర్చికి ఇయ్యాలి. ఈ పనికిమాలిన నాణేలు తనకెందుకని బిషప్పు కొన్నేళ్లు ఆ బాకీ వసూలు చేయడమే మానేశాడు. రైతులు సంతోషించి ఉంటారు. ఇంతలో మెరుగైన కొత్త నాణెం వచ్చింది. వెంటనే బిషప్పు, "అన్ని సంవత్సరాల బాకీ ఒక్కసారిగా కట్టండి! అదీ కొత్త నాణెంలో!" అన్నాడు. కట్టనివాళ్లను చర్చి నుంచి వెలివేశాడు.

ఇందులో ఉన్న మోసం చూశారా? రైతు ఆ ఏళ్లలో తన ధాన్యం అమ్మినది చెడ్డనాణేలకు. ఇప్పుడు బాకీ తీర్చవలసినది మంచినాణేలతో. అమ్మినప్పుడు సేరు ఒకటి, కొలిచి ఇచ్చేటప్పుడు సేరు ఇంకొకటి! చరిత్రలో ఎందరో క్రూరులున్నారు గాని, ఇంత నిదానంగా, లెక్క చూసుకుని చేసిన క్రూరత్వం నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది.

1437లో రైతులు బోబల్నా అనే కొండ మీద చేరారు. హంగరీభాష మాట్లాడేవాళ్లూ, రుమేనియాభాష మాట్లాడేవాళ్లూ అందరూ కలిశారు. బుడాయి నజ్ అంతల్ అనే చిన్న భూస్వామి వాళ్ల నాయకుల్లో ఒకడు. వాళ్లు ముందు కత్తి ఎత్తలేదు. రాజప్రతినిధి దగ్గరికి రాయబారులను పంపారు. ఆయన రాయబారులను చంపించాడు. అప్పుడు యుద్ధం జరిగింది. రైతులను అణచడం చేతకాక, ప్రభువులు జులై 6న ఒడంబడిక రాసి ఇచ్చారు. పదోవంతు తగ్గిస్తామన్నారు, ఒక యజమాని భూమి వదిలి ఇంకొకచోటికి పోయే హక్కు ఇస్తామన్నారు. ఆ సిరా ఆరకముందే ప్రభువులు సెప్టెంబరులో తమలో తాము ఒక కూటమి కట్టారు. డిసెంబరులో సిగిస్మండ్ చనిపోయాడు. ఆ నెలలోనే అంతల్ యుద్ధంలో పడిపోయాడు. 1438 జనవరికి అంతా అయిపోయింది. వాళ్ల చేతుల్లోని క్వార్టింగులు ఇప్పుడు మ్యూజియముల్లో ఉన్నాయి, ఎర్రగా, పలచగా, ఎండిన రేగిపండు తొక్కల్లాగా.

చింతపిక్కలు పాతిపెట్టిన ఆ గడుగ్గాయి పెద్దవాడై, బుడాపెస్టులో ఉద్యోగంలో చేరాడు. ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు, "మేష్టారూ, మీ రాజుగారిని తీసుకొచ్చాను," అని ఒక చిన్న కాగితం పొట్లం నా చేతిలో పెట్టాడు. అందులో మత్యాష్ రాజు (1458–1490) వెండి దేనారు ఉన్నది. నాణేల దుకాణంలో రసీదుతో కొన్నాడట.

నేను దాన్ని మా ఊరి కంసాలి దగ్గరికి తీసుకుపోయి తూయించాను. అరగ్రాము మీద కాస్త ఉన్నది. పూర్వం కంసాలులు తూచినట్టు గురివిందగింజలతో కూడా తూచమన్నాను. నాలుగు గింజలు వేస్తే నాణెం వైపు మొగ్గింది. అయిదోది వేస్తే గింజల వైపు మొగ్గింది. (గురివిందగింజలు చూడ ముచ్చటగా ఉంటాయి గాని, విషం సుమా! నోట్లో పెట్టుకోకండి.) మన ఇప్పటి రూపాయి నాణెం మూడు గ్రాములకు పైనే ఉంటుంది. ఇంత అల్పమైన రేకు కోసమా అన్ని యుద్ధాలు!

దాని ఒకవైపున బిడ్డనెత్తుకున్న మరియమ్మ. చుట్టూ "హంగరీని కాపాడే తల్లి" అని లాటిను మాటలు. రెండోవైపున రాజచిహ్నం, మధ్యలో ఒక కాకి. మత్యాష్ వంశానికి గుర్తు బొంతకాకి. అందుకే ఆయనను కోర్వినుస్ అంటారు. ఆ కాకి ఉంగరం ఎత్తుకుపోతూంటే, మత్యాష్ తండ్రి చిన్నప్పుడు బాణంతో కొట్టి ఉంగరం సంపాదించాడని అక్కడ కథ చెప్పుకుంటారు. మత్యాష్ తెచ్చిన మార్పు ఏమంటే, 1467, 1468 సంవత్సరాలలో వెండి దేనారును ఒక కట్టుబాటులో పెట్టాడు. నూరు దేనార్లు ఒక బంగారు ఫ్లోరిను. ఈ మరియమ్మ బొమ్మ జనానికి ఎంత నచ్చిందంటే, తరవాత వచ్చిన రాజులు దాన్ని వందల సంవత్సరాలు అట్లాగే ఉంచారు. చుక్కలూ, గీతలూ మార్చిన రోజులు ఎక్కడ, ఇది ఎక్కడ!

కంసాలి నాణేన్ని గీటురాయి మీద గీసి చూడబోయాడు. నేను ఒప్పుకోలేదు. అయినా ఆయన అంచు చూసి, "ఇందులో సగం రాగి ఉందండీ," అన్నాడు. నిజమే! వెండి మేలిమిని ఆ కాలంలో పదహారు పాళ్ల లెక్కన చెప్పేవారు. ఈ దేనారులో వెండి ఎనిమిది పాళ్లు. మరి సగం రాగి ఉంటే ఎర్రగా కనిపించాలిగదా, తెల్లగా ఎందుకుంటుంది? ఇక్కడ ఒక చిన్న రసాయనశాస్త్రం ఉంది.

ఆ కాలపు టంకశాలల్లో వెండీ, రాగీ కలిపి కరిగించి, కడ్డీలుగా పోసి, సుత్తెలతో రేకులుగా సాగగొట్టేవారు. కత్తెరతో బిళ్లలు కత్తిరించేవారు. కొలిమిలో కాలిన ఆ బిళ్లలు నల్లగా ఉంటాయి. వాటిని ఉప్పూ, ద్రాక్షసారాయి పీపాల అడుగున పేరుకునే పుల్లని మడ్డీ వేసిన నీళ్లలో మరిగిస్తే, పైపొరలోని రాగి కరిగిపోతుంది. వెండి మిగులుతుంది. బిళ్ల తెల్లగా మెరుస్తుంది! అప్పుడు దాన్ని రెండు ఇనప అచ్చుల మధ్య పెట్టి సుత్తెతో ఒక్క దెబ్బ. ఆ మడ్డిలో ఉండేది టార్టారిక్ ఆమ్లం. మన చింతపండులో ఉండేది కూడా అదే. మీ అమ్మ రాగిచెంబును చింతపండూ, ఉప్పూ వేసి తోమినప్పుడు జరిగేదీ దాదాపు ఇదే పని. చెంబులో వెండి లేదు గనక ఎర్రగా మెరుస్తుంది, అంతే తేడా. నాణెం చేతులు మారి అరిగినకొద్దీ తెల్లపొర పోయి, లోపలి ఎరుపు బయటపడుతుంది. రాజు మాట ఎంతవరకు నిజమో ప్రజలకు వాళ్ల వేళ్లే చెప్పేవి.

మత్యాష్ మంచినాణెం కూడా కలకాలం నిలవలేదు. 1521లో రెండవ లూయీ అనే కుర్రరాజు తురుష్కుల భయంతో దేనారులో వెండి సగానికి తగ్గించాడు. ధరలు పెరిగాయి, మంచి దేనార్లు మళ్లీ పెట్టెల్లోకి పోయాయి. 1526 ఆగస్టు 29న మొహాచ్ యుద్ధంలో ఆ రాజు కూడా పోయాడు.

చివరకు ఒక జంతువు సంగతి చెప్పి ముగిస్తాను. హంగరీ రాజుల కింద స్లవోనియా అనే సీమ ఉండేది. అక్కడివాళ్లు ఒకప్పుడు పన్నును డబ్బుగా కాక, మార్టెన్ అనే జంతువు చర్మాలతో కట్టేవారు. అది ఇంచుమించు మన ముంగిసలాగా ఉంటుంది, దాని బొచ్చు చలికోట్లకు పనికివస్తుంది. పదమూడవ శతాబ్దంలో జాగ్రెబ్ టంకశాలలో కొట్టిన స్లవోనియా దేనార్ల మీద రెండు నక్షత్రాల మధ్య ఈ జంతువు పరిగెత్తుతూ ఉంటుంది. ఆ నాణేలు మంచి వెండివని పేరు. ఆ సీమ ఇప్పుడు క్రొయేషియాలో ఉంది. వాళ్ల భాషలో ఆ జంతువు పేరు "కూనా". 1994లో క్రొయేషియా తన డబ్బుకు కూనా అనే పేరే పెట్టుకున్నది. 2023 జనవరి 1న ఆ కూనా పోయి యూరో వచ్చింది. అయితే ఎవరి చేతికైనా క్రొయేషియా ఒక యూరో నాణెం చిక్కితే తిప్పి చూడమనండి. కొమ్మ మీద కూర్చుని ఆ మార్టెన్ ఇంకా అక్కడే ఉన్నది.